మూడుమాటలమ్మ

ఆమె గురించి బయట చెప్పుకునేవన్నీ తప్పు. మనుషుల్ని మరబొమ్మల్ని చేసి ఆడించిందని ఒకరంటారు, తోడికోడలి మీద కక్ష తీర్చుకుందని ఇంకొకరంటారు. ఈ మాటలనే వాళ్ళెవరూ మా కోల్డ్ స్టోరేజీలో ఒక్క పూట పనిచేసిన వాళ్ళు కారు. నేను అక్కడ పంతొమ్మిదేళ్ళు మిషన్ రూములో కంప్రెసర్ల దగ్గర కూర్చున్నాను. నా గాజు కిటికీకి ఎదురుగా, నడవాకు అవతలి పక్కన ఆమె కేబిన్. ఆమె ఏం చేసిందో, ఎందుకు చేసిందో నాకు తెలిసినంతగా ఆమె మొగుడికి కూడా తెలియదు. అందుకని నేనే చెబుతున్నాను.

నడవా పొడవునా తొమ్మిది గదులు. లోపల సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. ఒకరి చేపలు, ఒకరి బఠాణీలు, ఒకరి ఐస్‌క్రీములు, ఎవరి డబ్బాల దొంతరలు వాళ్ళవి. ఒక్కో గదికి జానెడు మందాన, పక్కకు జరిపే తలుపు. లోపల తలుపు పక్కనే గోడకు ఎర్ర బొత్తాం, పొరపాటున మనిషి లోపల చిక్కుకుపోతే నొక్కడానికి. ఏ గదిలో నొక్కినా నడవాలో ఒకటే బెల్లు మోగుతుంది, అదీ సరిగ్గా నా కిటికీ పక్కన. నొక్కినంత సేపూ మోగుతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. ఏ గదిలో నొక్కారో చెప్పే దీపమూ లేదు, పాడూ లేదు. పైగా బొత్తాంలోకి మంచు చేరితే దానంతటదే మోగుతుంది, డబ్బా మూల తగిలినా మోగుతుంది. రోజుకు పాతిక సార్లు, ముప్పై సార్లు. బొత్తాలు రెండుసార్లు మార్చాను, పదిహేను రోజులు బుద్ధిగా ఉండి మళ్ళీ మొదలు.

ఆమె సూపర్‌వైజరుగా వచ్చేనాటికి గోడ మీద నలభై రెండు నోటీసులున్నాయి. పని లేక ఒకరోజు నేనే లెక్కపెట్టాను. చేతులు కడుక్కోవడం గురించి, పార్కింగు గురించి, పోయిన ఏడాది సెలవుల గురించి, ఒకదాని మీద ఒకటి అతికించి ఉండేవి. అవి చాలవన్నట్టు ఆమెకు ముందున్న సూపర్‌వైజరు పొద్దున్నే అందరినీ నిలబెట్టి అరగంట ఉపన్యాసం దంచేవాడు. ఆ నలభై రెండింటిలో ఒక కాగితం, మూడో గది ముందు నేల కుంగిందని, బండి అటు తిప్పవద్దని. దాని మీద ఎవడో మహానుభావుడు క్యాంటీను వేళల కాగితం అతికించాడు. బండి తిరగబడి ఒకతని కాలు పోయింది. ఆమె వచ్చిన రెండో వారంలోనే ఇది జరిగింది.

తర్వాత ఆమెను రెండు రోజుల శిక్షణకు పంపారు. అక్కడ సైకాలజీ చదివిన ఒకాయన ఇరవై మాటలు గబగబా చదివి, గుర్తున్నవి రాయమన్నాడట. ఈమెకు ఆరు గుర్తున్నాయి, పక్కనున్న వాళ్ళకు ఐదు. మీరు మీ పనివాళ్ళకు రోజూ ఎన్ని చెబుతున్నారో ఇప్పుడు లెక్క చూసుకోండి అన్నాడట ఆయన. మనసుకు మోయలేనంత ఎత్తితే ఎక్కువైనవే కాదు, ముందున్నవి కూడా జారిపోతాయి, ఏది జారిపోవాలో మన చేతిలో ఉండదు అని కూడా చెప్పాడట. ఈమాత్రానికి అంత చదువెందుకని నేను వెటకారం చేశాను. ఆమె నవ్వలేదు.

“కాగితం లేక పోలేదన్నయ్యా అతని కాలు. కాగితాలెక్కువై పోయింది,” అంది.

మర్నాడు గోడ మీది కాగితాలన్నీ తనే పీకేసింది. ఆ రోజు నుంచి ఉపన్యాసం లేదు. పొద్దున్నే ప్రతి మనిషి చేతిలో అరచేయంత పసుపుపచ్చ చీటీ, అందులో మూడంటే మూడు మాటలు. మొదటి రెండూ ఆ రోజు ఆ మనిషి చేయాల్సినవి. మూడోది మాత్రం అందరికీ ఒకటే: ‘బెల్లు మోగితే పని ఆపకండి, నేను చూసుకుంటాను.’ అంతకుముందు బెల్లు మోగినప్పుడల్లా నలభై మంది ఉలిక్కిపడేవారు, డబ్బాలు జారేవి, దొంతరలు కూలేవి. ఆ బెడద వాళ్ళకెందుకు, నేనొక్కదాన్నే వింటాను, నేనొక్కదాన్నే వెళ్ళి చూస్తాను అంది. అన్నట్టే చేసింది కూడా. మోగిన ప్రతిసారీ తొమ్మిది తలుపులూ తట్టి, తెరిచి, పిలిచి వచ్చేది. జనం ఆమెకు మూడుమాటలమ్మ అని పేరు పెట్టారు, అదీ ముద్దుగానే. ఆ ఏడాది ఒక్కరికీ గోరు కూడా చిట్లలేదు. పెద్ద ఆఫీసు నుంచి దొరలు దిగివచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళారు.

నాకూ ఒక చీటీ ఇచ్చేది. మొదట్లో నా తలకాయ నాకు లేదా అని చిరాకుపడ్డాను, తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే సుఖంగా ఉండేది. పొద్దున్నే మూడు మాటలు చదువుకుంటే ఆ రోజు ఇక వేరే బరువు ఉండేది కాదు. భయపడాల్సింది ఆ సుఖానికేనని అప్పుడు నాకు తట్టలేదు.

మొదట తట్టింది ఒక లారీ డ్రైవరుకు. సరుకు దింపడానికి వచ్చి నడవా గుమ్మంలో నిలబడ్డాడు. బెల్లు గణగణా మోగుతోంది. నలభై మంది తల ఎత్తకుండా, కళ్ళు ఆర్పకుండా, అదే నడకతో డబ్బాలు మోసుకుపోతున్నారు. అతను కాసేపు చూసి లోపలికి అడుగు పెట్టనన్నాడు. సరుకు గేటు దగ్గరే దింపించుకోమన్నాడు. వాడికి పిచ్చి అని అందరం నవ్వుకున్నాం.

ఖాళీ గోడ దగ్గర ఇంకో వింత. కాగితాలు తీసేసిన చోట సున్నం తెల్లగా చదరాలు చదరాలుగా మిగిలింది. పోతూ వస్తూ ప్రతి మనిషీ అక్కడ ఒక్క అడుగు ఆగి, ఆ తెల్లటి చదరాల వంక చూసి కదిలేవాడు. కాగితాలున్న రోజుల్లో వాటిని ఒక్కడూ చదివి ఎరగడు.

ఒక సెలవు రోజు పొద్దున్నే మా పెద్దాయన, అందరిలోకీ పాత లోడరు, మూసి ఉన్న గేటు ముందు నిలబడ్డాడట. ఇంట్లో ఏం చేయాలో తోచడం లేదు, అమ్మనడిగి ఒక చీటీ ఇప్పించమని వాచ్‌మన్‌ను బతిమాలాడట. వాచ్‌మన్ నవ్వి, ఆయన నవ్వకపోయేసరికి తనూ ఆపేసి, ఆమెకు ఫోన్ చేశాడు. ఆమె చెప్పింది: భోజనం, కునుకు, మనవరాలితో ఆట. వాచ్‌మన్ రాసిచ్చాడు. పెద్దాయన అది రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఆమె తోడికోడలి సంగతి చెప్పాలి. తోడికోడళ్ళంటే ఎడమొహం పెడమొహం అనుకుంటారు గానీ, వీళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుని ఒకరినొకరు వదలకుండా తిరిగేవాళ్ళు. ఈమే పట్టుబట్టి ఆ పిల్లను మా దగ్గర సరుకు లెక్కచూసే పనిలో పెట్టించింది. ఆ పిల్ల ఉత్త వసపిట్ట. మేం పిలిచేదీ అలాగే. టీ వేళకు వెచ్చగా ఉంటుందని నా మిషన్ రూముకు వచ్చి, బస్సు కండక్టరు మీసం నుంచి అత్తగారి మోకాలి నొప్పి దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయేది. నాకు కూతుళ్ళు లేరు. ఆ వాగుడు కోసం నేను టీ చల్లారబెట్టుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం ఇంట్లో ఆమె తల పట్టుకుని కూర్చుని ఉండగా ఈ పిల్ల ఎప్పటిలాగే మొదలుపెట్టిందట. ఆమె మెల్లగానే అందట, ఇవాళ్టికి మూడు చెప్పవే చిన్నదానా, చాలు అని. ఆ పిల్ల నవ్వి వేళ్ళు మడిచి మూడే చెప్పింది. మర్నాడూ అంతే. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. కొన్నాళ్ళకు నా దగ్గర కూడా మూడు చెప్పి ఆగిపోవడం మొదలుపెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా గోడ వంక చూస్తూ కూర్చునేది. మిగతావి ఎవరికి దాస్తున్నావమ్మా అని వేళాకోళమాడాను.

“దాయట్లేదు బాబాయ్. మూడయ్యాక లోపల ఏమీ ఉండట్లేదు,” అంది.

ఆ మాట విన్నాక ఆ మధ్యాహ్నం నాకు పని మీద మనసు నిలవలేదు. ఆమెతో చెప్పాలనుకున్నాను. కానీ కిటికీలోంచి చూస్తే ఆమె పరిస్థితి అంతకన్నా అన్యాయంగా ఉంది, చెప్పలేకపోయాను.

నలభై మంది నెత్తి మీంచి దించినవి గాలిలో కలిసిపోవు కదా. అన్నీ ఆమె నెత్తికెక్కాయి. ఏ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోంది, ఎవరికి నడుము నొప్పి, ఏ లారీ ఆలస్యం, ఏ డబ్బా తడిసింది, అన్నీ. కాగితం మీద పెడితే మళ్ళీ గోడంత అవుతుందని తలలోనే పెట్టుకునేది. నడుస్తుంటే పెదవులు కదులుతుండేవి. పలకరిస్తే ముందు ఆ జపం ముగించి, తర్వాత నా వంక చూసేది.

ఆపైన బెల్లు. ఒకరోజు గబగబా నా గదిలోకి వచ్చి, మోగుతోంది కదన్నయ్యా అని అడిగింది. మోగడం లేదు. అదే చెప్పాను. ఆమె కాసేపు చెవి ఒగ్గి నిలబడి, సిగ్గుపడి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. తర్వాత రోజుకు రెండుసార్లు, మూడుసార్లు. ఇంట్లో పళ్ళెం కింద పెట్టినా మోగుతున్నట్టే ఉందని, ఎవరికీ చెప్పవద్దని అంది. నేను నా వంతుగా మూడోసారి బొత్తాలన్నీ మార్చేశాను. ఖరీదైనవి, మంచు చేరదని కొట్టువాడు ఒట్టేసి మరీ చెప్పాడు.

“ఇక మోగదమ్మా. మోగినట్టు అనిపిస్తే అది నీ అలసటే,” అని భరోసా ఇచ్చాను. ఎంత సంతోషంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పది రోజులు బెల్లు నోరెత్తలేదు. ఆ తర్వాత మంచు చేరి మళ్ళీ ఎప్పటిలాగే రోజుకు పాతిక సార్లు. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు. ఎందుకు చెబుతాను, బెల్లు వినేది ఆమే కదా. మిగతా నలభై మందీ చెప్పలేదు. బెల్లు మా పని కాదు, చీటీలోనే ఉంది. ఆమె కూడా నా గదికి వచ్చి అడగడం మానేసింది. తగ్గిపోయింది కాబోలు, పాపం నిమ్మళంగా ఉంది అనుకున్నాను. అడగడం బదులు, మోగినప్పుడల్లా గాజులోంచి నా మొహం చూస్తోందని తెలుసు. చూపు తగిలితే తెలుస్తుంది. ఎందుకు చూస్తోందో, చూసి తలుపులు తట్టడానికి వెళ్ళకుండా ఎందుకు కూర్చుండిపోతోందో మాత్రం నేను ఆలోచించలేదు.

అలా రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం సాయంత్రం ఏడో గది లోపలి గొళ్ళెం దగ్గర వేడి తీగ కాలిపోయిందని కనిపెట్టాను. ఆ తీగ వెచ్చగా ఉంటేనే గొళ్ళెం మంచు కట్టకుండా ఉంటుంది. కొత్త తీగ గురువారానికి గానీ రాదు. అందాకా లోపలికి వెళ్ళేవాళ్ళు తలుపుకు చెక్క అడ్డం పెట్టుకోవాలని ఆమెకు చెప్పాను. సరేనంది.

మంగళవారం ఏడో గది పని తోడికోడలిది. ఆ రోజు చీటీ తర్వాత నేను చూశాను. పాత సరుకు లెక్క చూడు. వెనక వరసకు గుర్తులు పెట్టు. బెల్లు మోగితే పని ఆపకు. చెక్క సంగతి నాలుగోది అవుతుంది. నాలుగోది రాస్తే మొదటిది జారిపోతుందని ఆమె నమ్మకం, తనే వెళ్ళి చెక్క పెట్టి వద్దామనుకుంది. లేచి నడవాలోకి వచ్చింది కూడా. అంతలో లారీ వాళ్ళు కాగితాలు పట్టుకుని అడ్డం వచ్చారు, తర్వాత ఫోన్, తర్వాత ఐదో గది ఫ్యాను.

పదకొండున్నరకు బెల్లు మోగింది. నేను మీటర్లు చూసి అంకెలు రాసుకుంటున్నాను. కాస్త ఎక్కువసేపే మోగింది. గాజుకు అవతల ఆమె లేచి నిలబడి నా వంక చూస్తోందని తెలుస్తూనే ఉంది. నా చెవి విన్నది, తల లేవలేదు. ఆమె చూసుకుంటుంది, నా పని అంకెలు. ఆగింది, మళ్ళీ మోగింది. మళ్ళీ ఆ చూపు. నా చేతిరాత వంకర కూడా పోలేదని కొంచెం గర్వంగా అనిపించింది. మూడోసారి చాలాసేపు మోగి ఆగిపోయింది. అప్పుడు ఓరకంట చూశాను. ఆమె కుర్చీలో కూర్చుని, రెండు చెవులూ మూసుకుని, కళ్ళు మూసుకుని ఉంది. నడవాలో డబ్బాలు ఎప్పటిలాగే పోతున్నాయి. ఎక్కడా తొందర లేదు.

ఒంటిగంటకు నేను క్యాంటీనుకు వెళ్ళాను. అందరూ వరసగా కూర్చుని తింటున్నారు. వసపిట్ట చోటు ఖాళీగా ఉంది, ఆ పిల్ల టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. దానికి అటొకరు ఇటొకరు తింటున్నారు. పిల్ల ఏదని అడిగాను. ఒక్కొక్కరే జేబులోంచి పసుపుపచ్చ చీటీ తీసి చదువుకుని, నా వంక చూశారు.

నేను అంత వేగంగా పరుగెత్తగలనని నాకే తెలియదు. గొళ్ళెం రాయిలా బిగిసిపోయి ఉంది. గునపంతో తలుపు పెకిలించాను. ఆ పిల్ల తలుపు పక్కనే డబ్బా మీద కూర్చుని ఉంది. బొత్తాం నొక్కడానికి కుడిచేతి గ్లవ్ తీసేసి, దాన్ని ఒళ్ళో జాగ్రత్తగా మడిచి పెట్టుకుంది. కనుబొమల మీద మంచు. నన్ను చూసింది గానీ లేవలేదు. నా వెనకే వచ్చిన ఆమె ఆ పిల్లను ఎత్తుకున్న తీరు నేను చెప్పలేను. నలుగురం పట్టాల్సిన మనిషిని ఒక్కతే గుండెకు హత్తుకుని నడవా చివరిదాకా మోసింది.

సాయంత్రానికి డాక్టరు బయటికి వచ్చి ప్రాణానికి భయం లేదన్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు దక్కవన్నాడు. మేం లోపలికి వెళ్ళేసరికి ఆ పిల్ల మెలకువగానే ఉంది. అన్నిసార్లు నొక్కి ఉంటావు, ఎవరం రాలేదు, అని ఆమె ఏడ్చింది. ఆ పిల్ల తప్పు ఒప్పుకుంటున్నట్టు చూసింది.

“మూడుసార్లు నొక్కానక్కా. సరిపోతుందనుకున్నా,” అంది.

ఆమె నన్ను బయటికి తీసుకొచ్చింది. ఆసుపత్రి వరండాలో బల్ల ఉన్నా కూర్చోలేదు. ఆ పూటంతా నేను ఒక అబద్ధం తయారు చేసుకుంటూనే ఉన్నాను. బెల్లు పాడైందని, వైరు తెగిందని. అంతా సిద్ధంగానే ఉంది.

“ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండన్నయ్యా. పదకొండున్నరకి బెల్లు మోగిందా?” అంది.

మొహం చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు. మోగిందన్నాను. మూడుసార్లూ విన్నానన్నాను.

“నేను మీ మొహం చూశాను. మీరు తల ఎత్తలేదు.”

ఎత్తలేదన్నాను. ఇవాళే మోగిందా, రోజూ మోగుతోందా అని అడిగింది. బొత్తాలు మార్చిన పది రోజులకే మళ్ళీ మొదలైందని, ఈ రెండు నెలలూ రోజూ మోగిందని, ఆమె విన్నదంతా నిజం బెల్లేనని చెప్పాను.

ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

“అయితే నాకు పిచ్చెక్కలేదన్నమాట,” అంది.

ఆ మొహం నేను మరిచిపోలేను. నుదుటి మీద రెండు నెలలుగా ఉన్న ముడి విడిపోయింది. నిజంగా నవ్వింది, పెద్ద గండం గడిచిన మనిషి నవ్వే నవ్వు. నేను చెప్పినదాంట్లో ఒక సగమే ఆమెకు అందింది. రెండో సగం అందడానికి ఎంతసేపు పడుతుందో తెలియక అలాగే నిలబడ్డాను. గదిలోంచి తోడికోడలు దగ్గిన చప్పుడు వినిపించింది. ఆమె అటు తిరిగింది. నవ్వు మొహం మీద ఉండగానే రెండు చేతులూ మళ్ళీ చెవుల మీదికి లేచాయి, నేను పట్టుకున్నాను.